పది కిలోలు పంపండి: జావాలో చెప్పకుండా వదిలేసిన విలువల సంగతి

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కొట్టుకు జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో నేను బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. అక్కడి గుమస్తాగారు ఫోనులో ఆర్డరు తీసుకునే తీరు చూసి తీరాలి. విజయనగరం గంటస్తంభం వైపు ఉన్న ఒక మిఠాయి దుకాణం నుంచి ఫోను వస్తుంది. "పది కిలోలు పంపండి" అంటారు. అంతే, పెట్టేస్తారు. గుమస్తాగారు పుస్తకం తీసి ఆరు గడులు నింపుతారు: పది కిలోలు, బద్ద, ఉప్పు లేదు, పది కిలోల డబ్బా, సాయంత్రం లారీ, కిరాయి వాళ్లదే. అవతలివాళ్లు చెప్పింది ఒక్కటి, పుస్తకంలోకి ఎక్కినవి ఆరు. మిగిలిన అయిదూ ఆయన ఊహించి రాసినవి కావు. చెప్పనక్కరలేదని ఇద్దరికీ తెలిసినవి.

ప్రోగ్రామింగ్‌లో ఇలాంటి అయిదింటినే ఐచ్ఛిక పారామీటర్లు అంటారు. పారామీటరు అంటే ప్రోగ్రామ్‌లోని ఒక పనికి బయటి నుంచి ఇచ్చే విలువ. ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే ముందే అనుకున్న డిఫాల్ట్ విలువ వేసుకోవాలి. పైథాన్‌లో, సీ ప్లస్ ప్లస్‌లో, కోట్లిన్‌లో పారామీటరు పేరు పక్కన సమాన గుర్తు పెట్టి విలువ రాస్తే పని అయిపోతుంది. జావాలో ఆ వీలు లేదు. 1996 జనవరిలో తొలి వెర్షన్ వచ్చినప్పుడు లేదు, ఇప్పటికీ లేదు. ఒక మెథడ్‌కు, అంటే పేరు పెట్టి పిలిచే ఒక పనికి, ఆరు పారామీటర్లు ఉంటే ఆరింటికీ విలువలు ఇచ్చి తీరాలి.

దీన్ని చాలామంది టైపింగ్ శ్రమకు సంబంధించిన చిన్న లోటుగా చూస్తారు. ఒక బిల్లు తప్పు పడేదాకా నేనూ అలాగే చూశాను. ఇప్పుడు నాకు ఇందులో కనిపించే ప్రశ్న ఇది: చెప్పకుండా వదిలేసిన విలువ ఎవరి దగ్గర ఉండాలి? అడిగేవారి దగ్గరా, ఇచ్చేవారి దగ్గరా, ఆ ఇద్దరికీ మధ్య ఇంకొకరి దగ్గరా? ఈ లోటును దాటడానికి జావా ప్రోగ్రామర్లు వాడే ప్రతి ఉపాయమూ ఈ ప్రశ్నకు ఒక్కో జవాబు. ఆ జవాబు ఏమిటో తెలియకుండా ఉపాయాన్ని మాత్రమే అరువు తెచ్చుకుంటే ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది.

ఆ బిల్లు సంగతి

పలాస వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు కానీ, మిగిలినవారి కోసం ఒక మాట. విరగని జీడిపప్పును గుండు అంటారు, రెండుగా విడిపోయినదాన్ని బద్ద అంటారు. గుండును పరిమాణాన్ని బట్టి గ్రేడులుగా విడదీస్తారు. 240 గ్రేడు అంటే ఒక పౌను బరువుకు 220 నుంచి 240 గింజలు తూగుతాయని లెక్క. 180 గ్రేడు అంటే 170 నుంచి 180. సంఖ్య తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. 180, 210, 240, 320 ఎక్కువగా వినిపించే గ్రేడులు.

ఇక ప్రోగ్రామ్. క్లాసు అంటే ఒక రకం వస్తువుకు రాసుకునే నమూనా, దాన్ని బట్టి తయారయ్యే వస్తువు ఆబ్జెక్టు. జావాలో క్లాసులకూ మెథడ్‌లకూ తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు. మొదటి నుంచీ అది యూనికోడ్ అక్షరాలను ఒప్పుకొనే భాష. కాబట్టి ఇక్కడి ఉదాహరణలు తెలుగులోనే రాస్తాను, భాష సొంత మాటలను వదిలేసి. ఆర్డరు క్లాసుకు నేను మొదట రాసిన కన్‌స్ట్రక్టర్లు, అంటే ఆర్డరును తయారు చేసే దారులు, ఇవి:

జీడిఆర్డర్(పార్టీ, కిలోలు)
జీడిఆర్డర్(పార్టీ, కిలోలు, గ్రేడు)
జీడిఆర్డర్(పార్టీ, కిలోలు, గ్రేడు, ఉప్పు)
జీడిఆర్డర్(పార్టీ, కిలోలు, గ్రేడు, ఉప్పు, డబ్బాబరువు)

ఇదే ఓవర్‌లోడింగ్. ఒకే పేరుతో, వేరువేరు పారామీటర్లతో కొన్ని మెథడ్‌లు రాసుకోవడం. ఇలా ఒక్కొక్కటి పొడిగిస్తూ పోయే పద్ధతికి టెలిస్కోపింగ్ కన్‌స్ట్రక్టర్ అని పేరు, టెలిస్కోపు గొట్టాల్లా ఒకదానిలోంచి ఇంకొకటి బయటికి వస్తుంది కనుక. చిన్నది తన పనిని తన తర్వాతిదానికి అప్పగిస్తుంది. అప్పగించేటప్పుడు లేని విలువను తాను చేరుస్తుంది. అంటే డిఫాల్ట్ విలువ క్లాసు రాసినవారి దగ్గరే ఉంటుంది. అది మంచిదే.

కొట్టువాళ్లు అడిగితే పాత ఆర్డరును మళ్లీ పంపించే తెర ఒకటి కొత్తగా రాశాను. అందులో పొరపాటున కన్‌స్ట్రక్టర్‌కు గ్రేడు ముందు, కిలోలు తర్వాత ఇచ్చాను. రెండూ పూర్ణాంకాలే కనుక, రాసిన కోడును నడిచే ముందే సరిచూసి మార్చే కంపైలర్ ఏమీ అనలేదు. ఆ తెర మీద పడిన మొదటి ఆర్డరు 180 గ్రేడు గుండు, 240 కిలోలు. ప్రోగ్రామ్ దాన్ని 240 గ్రేడు, 180 కిలోలుగా తీసుకుంది. గ్రేడు సరైనదేనా అని చూసే తనిఖీ ఒకటి రాసి ఉంచాను. 240 అనేది నిజంగానే ఒక గ్రేడు కాబట్టి ఆ తనిఖీ కూడా దాటిపోయింది. చీటీ అచ్చయి బయటికి వచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకుని గుమస్తాగారు ఒక్క నిమిషం ఆగారు. "ఈ పార్టీ పెద్ద గుండు తప్ప వేరేది తీసుకోరు బాబూ, ఒకసారి చూడండి" అన్నారు. ఆయన ఆ మాట అనకపోతే సరుకు లారీ ఎక్కేది.

తప్పు నాదే. అయితే ఆ తప్పును పట్టుకోగల చోటు ప్రోగ్రామ్‌లో ఒక్కటి కూడా లేకుండా చేసింది ఆ పద్ధతి. విలువకు పేరు లేదు, వరుస మాత్రమే ఉంది. మూడో స్థానంలో ఉన్న సంఖ్య ఏమిటో రాసినవారికి గుర్తుండాలి, చదివేవారికి తెలిసి ఉండాలి.

ఓవర్‌లోడింగ్ పనికిరాదని దీని అర్థం కాదు. జావాతో పాటు వచ్చే హ్యాష్‌మ్యాప్ క్లాసును చూడండి. పేరు చెబితే దాని విలువ ఇచ్చే పట్టిక లాంటిది అది. ఏమీ ఇవ్వకుండా తయారు చేసుకోవచ్చు, తొలి సామర్థ్యం ఇచ్చి చేసుకోవచ్చు, దానితో పాటు ఎంత నిండితే పెరగాలో చెప్పే లోడ్ ఫ్యాక్టర్ కూడా ఇవ్వచ్చు. ఇవ్వకపోతే సామర్థ్యం 16, లోడ్ ఫ్యాక్టర్ 0.75. ఒకటి పూర్ణాంకం, రెండోది దశాంశం. 0.75ను సామర్థ్యం స్థానంలో పెడితే కంపైలర్ ఒప్పుకోదు. రెండే ఐచ్ఛికాలు, వేరువేరు రకాలు, అర్థవంతమైన వరుస. ఇంతవరకు ఓవర్‌లోడింగ్‌ను మించిన సుఖం లేదు.

దీనికి పూర్తి వ్యతిరేకం గ్రెగోరియన్ క్యాలెండర్ క్లాసు. సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను, అన్నీ పూర్ణాంకాలే. మూడు ఇచ్చే కన్‌స్ట్రక్టర్ ఉంది, అయిదు ఇచ్చేది ఉంది, ఆరు ఇచ్చేది ఉంది. నాలుగు ఇచ్చేది లేదు. పైగా అందులో నెలలు సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి 2024, 1, 5 అని రాస్తే జనవరి 5 రాదు, ఫిబ్రవరి 5 వస్తుంది. తేదీలో తప్పు ఉందని ఏ కంపైలరూ చెప్పలేదు. 2014లో జావా 8తో క్యాలెండర్ కోసం విడిగా ఒక బిల్డర్‌ను చేర్చారు. బిల్డర్ సంగతికి తర్వాత వస్తాను.

ఓవర్‌లోడింగ్‌కు ఇంకో గోడ అడ్డు వస్తుంది. ఉప్పు వేయాలా వద్దా, గాలి తీసిన ప్యాకింగా కాదా, ఈ రెండూ అవును లేదా కాదు అనే రకం విలువలే. పార్టీ, కిలోలు, ఉప్పు తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఒకటి రాసిన తర్వాత పార్టీ, కిలోలు, ప్యాకింగ్ తీసుకునేది రాయబోతే కంపైలర్ ఆపేస్తుంది. దానికి రెండూ ఒకటే, ఎందుకంటే అది రకాన్ని చూస్తుంది, పేరును చూడదు. కన్‌స్ట్రక్టర్‌కు బదులు ఉప్పుతో(పార్టీ, కిలోలు), గాలితీసి(పార్టీ, కిలోలు) అని వేరువేరు పేర్లున్న స్టాటిక్ మెథడ్‌లు రాస్తే ఈ గోడ దాటవచ్చు, చదవడానికీ హాయిగా ఉంటుంది. అయితే అన్ని కలయికలూ కావాలంటే లెక్క చేయి దాటిపోతుంది. ఐచ్ఛికాలు అయిదు ఉంటే కలయికలు 32.

రేటు బోర్డు ఎక్కడ వేలాడుతోంది

మరి జావాలోనే డిఫాల్ట్ విలువలు పెట్టి ఉంటే గొడవ వదిలేది కదా అనిపిస్తుంది. అంత సులువు కాదు. డిఫాల్ట్ విలువలున్న భాషలు కూడా వాటిని ఒకే చోట ఉంచవు.

జావా క్లాసును కంపైల్ చేసినప్పుడు, ఆ క్లాసు పిలిచే ప్రతి మెథడ్‌కూ పేరుతో పాటు పారామీటర్ల రకాల పూర్తి జాబితా క్లాసు ఫైలులో నమోదవుతుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అచ్చంగా ఆ రకాలతోనే ఉన్న మెథడ్ కోసం జావా వెతుకుతుంది. దొరకకపోతే అలాంటి మెథడ్ లేదంటూ ఆగిపోతుంది. కాబట్టి ఉన్న మెథడ్‌కు ఒక్క పారామీటరు చేర్చినా పాతగా కంపైల్ అయినవన్నీ విరిగిపోతాయి. పాతదాన్ని అలాగే ఉంచి, కొత్త పారామీటరు ఉన్నదాన్ని పక్కన ఓవర్‌లోడ్‌గా చేరిస్తే ఏదీ విరగదు. జావా లైబ్రరీలు, అంటే అందరూ వాడుకోవడానికి రాసిపెట్టిన కోడు కట్టలు, ఇన్నేళ్లుగా ఈ పద్ధతినే నమ్ముకున్నాయి.

ఇప్పుడు సీ షార్ప్ అనే ఇంకో భాష సంగతి. దానికి 2010లో నాలుగో వెర్షన్‌తో ఐచ్ఛిక పారామీటర్లు వచ్చాయి. అక్కడ డిఫాల్ట్ విలువను కంపైలర్ తీసుకెళ్లి పిలిచేవారి కోడులో అతికిస్తుంది. లైబ్రరీలో ప్యాకింగ్ ఛార్జీ డిఫాల్ట్‌గా 40 అని ఉందనుకుందాం. నా ప్రోగ్రామ్ కంపైల్ అయినప్పుడు ఆ 40 నా ఫైలులోకి వచ్చి కూర్చుంటుంది. రేపు లైబ్రరీవారు దాన్ని 50 చేసి కొత్త ఫైలు పంపినా, నేను మళ్లీ కంపైల్ చేయనంతవరకు నా ప్రోగ్రామ్ 40 అనే అడుగుతుంది. కొట్లో రేటు బోర్డు వేలాడదీయడానికీ, రేట్లు కాగితం మీద అచ్చు వేయించి ప్రతి పార్టీకీ పంచడానికీ ఉన్న తేడా ఇది. బోర్డు మారిస్తే అందరికీ మారుతుంది. పంచిన కాగితం సాలూరులో ఒకరి దగ్గర, సోంపేటలో ఇంకొకరి దగ్గర పాత అంకెతోనే ఉండిపోతుంది.

కోట్లిన్ బోర్డు పద్ధతి పాటిస్తుంది. పిలిచేవారు ఏయే పారామీటర్లు వదిలేశారో ఒక సంఖ్యలోని బిట్లుగా గుర్తుపెట్టి, కంపైలర్ తయారు చేసిన ఒక అదనపు మెథడ్‌కు పంపుతుంది. ఆ మెథడ్ బిట్లు చూసి, లేని విలువలను తన దగ్గరివాటితో నింపుతుంది. అందుకే కోట్లిన్‌లో డిఫాల్ట్ విలువ ఎప్పుడూ ఇచ్చేవారి దగ్గరే ఉంటుంది. అదే కోట్లిన్ క్లాసును జావా నుంచి పిలిస్తే మాత్రం ఈ డిఫాల్టులు కనిపించవు. జావా కోసం ఓవర్‌లోడ్‌లు తయారు చేయమని ప్రత్యేకంగా ఒక గుర్తు పెట్టాలి. అప్పుడు కంపైలర్ కుడివైపు నుంచి ఒక్కొక్క ఐచ్ఛికాన్నీ తీసేస్తూ, పైన నేను చేత్తో రాసిన టెలిస్కోపునే తయారు చేసి ఇస్తుంది.

పైథాన్‌లో ఇంకొక మెలిక ఉంది. అక్కడ డిఫాల్ట్ విలువను ఫంక్షన్ నిర్వచించినప్పుడు ఒక్కసారే లెక్కిస్తారు. డిఫాల్ట్‌గా ఖాళీ జాబితా పెడితే, పిలిచిన ప్రతిసారీ అదే జాబితా వస్తుంది. ఒకరు అందులో వేసింది తర్వాతివారికి కనిపిస్తుంది.

జావాలో లేని సౌకర్యం కోసం బెంగపడటానికి ముందు, ఉన్నచోట అది ఎలా నడుస్తుందో చూడమని నేను విద్యార్థులకు చెప్పేది ఇందుకే.

ఖాళీ గడి

ఓవర్‌లోడ్‌లు పెరిగిపోయాక చాలామంది పట్టుకునే దారి నల్, అంటే ఇక్కడ విలువ ఏదీ లేదని చెప్పే గుర్తు. అన్ని పారామీటర్లూ ఉన్న ఒకే కన్‌స్ట్రక్టర్ రాసి, వద్దనుకున్నచోట నల్ పంపడం. లోపల నల్ అయితే డిఫాల్ట్ వేసుకుంటారు. నేనూ కొన్నాళ్లు ఇలా చేశాను:

జీడిఆర్డర్(పార్టీ, 10, నల్, నల్, నల్, "లారీ", నల్)

ఈ వరుస చదివి ఏ నల్ దేనిదో చెప్పడం రాసినవారికే కష్టం. జావాలో మామూలు పూర్ణాంకం నల్ కాలేదు కాబట్టి ఇంటీజర్ అనే ఆబ్జెక్టు రకం వాడాలి. ఎక్కడో లెక్కలో అది మళ్లీ మామూలు సంఖ్యగా మారబోయినప్పుడు విలువ నల్ అయితే ప్రోగ్రామ్ అక్కడికక్కడే కూలిపోతుంది, తప్పు జరిగిన చోటికి చాలా దూరంలో. ఓవర్‌లోడ్‌లూ నల్ కలిస్తే ఇంకో చిక్కు. జావాలో తెర మీద అచ్చు వేసే ప్రింట్‌ఎల్ఎన్ మెథడ్‌కే నేరుగా నల్ ఇచ్చి చూడండి. అక్షరాల వరుస తీసుకునే రూపం పిలవాలో, స్ట్రింగ్ తీసుకునే రూపం పిలవాలో తేల్చుకోలేక కంపైలర్ ఆపేస్తుంది.

ఇవన్నీ ఎలాగోలా సర్దుకోదగ్గవే. సర్దుకోలేనిది అర్థం. గుమస్తాగారి పుస్తకంలో రవాణా గడి ఖాళీగా ఉంటే మూడు అర్థాలు ఉండవచ్చు. ఎప్పటిలాగే లారీలో వేయమని ఒకటి. రవాణా అక్కరలేదు, మనిషి వచ్చి తీసుకెళతాడని ఒకటి. ఇంకా అడగలేదు, మధ్యాహ్నం ఫోను చేసి కనుక్కోవాలని ఒకటి. పుస్తకంలో ఆయన ఎప్పటిలాగే అయితే చిన్న గీత గీస్తారు, రవాణా లేకపోతే సున్నా చుడతారు, అడగాల్సి ఉంటే నిజంగానే ఖాళీ వదిలేస్తారు. మూడు గుర్తులు. నల్‌తో నేను ఆ మూడింటినీ ఒకే ఖాళీ చేసేశాను. ఆయన పుస్తకం నా ప్రోగ్రామ్ కంటే ఎక్కువ చెబుతోందని ఆ రోజు అర్థమైంది.

2014లో జావా 8 తెచ్చిన ఆప్షనల్ అనే రకం దీనికి మందు అని చాలాచోట్ల రాస్తున్నారు. పారామీటర్ల విషయంలో నేను ఒప్పుకోను. ఒక మెథడ్ వెతికి చూసి ఫలితం దొరకలేదని చెప్పడానికి, అంటే తిరిగి ఇచ్చే విలువగా వాడటానికి ఉద్దేశించిన రకం అది. పారామీటరుగా పెడితే పిలిచేవారు ప్రతి విలువనూ పొట్లం కట్టి ఇవ్వాలి, లేనిచోట ఖాళీ పొట్లం ఇవ్వాలి. పైగా పొట్లం బదులు నల్ ఇవ్వకుండా ఆపేది ఏదీ లేదు. రెండు స్థితులు ఉండాల్సినచోట విలువ, ఖాళీ పొట్లం, అసలు పొట్లమే లేకపోవడం అని మూడు తయారవుతాయి.

ఖాళీ ఆబ్జెక్టు తయారు చేసి, తర్వాత సెట్టర్ మెథడ్‌లతో ఒక్కొక్క గడీ నింపే దారి ఒకటి ఉంది. విలువలకు పేర్లు వస్తాయి, అది లాభం. కానీ మొదటి సెట్టర్‌కూ చివరి సెట్టర్‌కూ మధ్య ఆ ఆబ్జెక్టు సగం నిండిన చీటీ. అది ఇంకెవరి చేతిలోనైనా పడితే వాళ్లు సగం ఆర్డరునే పూర్తి ఆర్డరు అనుకుంటారు. ఒకసారి తయారైన తర్వాత మారకూడని ఆబ్జెక్టును ఈ దారిలో తయారు చేయలేం. ఇక పేర్లూ విలువలూ ఒక మ్యాప్‌లో వేసి పంపే దారిని నేను ఎవరికీ చెప్పను. "గ్రేడు" బదులు "గ్రేడ్" అని రాసినా కంపైలర్‌కు తెలియదు.

చీటీ రాసే మనిషి

బిల్డర్ పద్ధతిని జావాలో ఈ సమస్యకు ప్రచారం చేసినవారు ఎఫెక్టివ్ జావా పుస్తకం రాసిన జాషువా బ్లాక్. ఆలోచన చాలా సహజమైనది. ఆర్డరును నేరుగా తయారు చేయకుండా, ఆర్డరు చీటీ రాసే ఇంకో చిన్న ఆబ్జెక్టును మధ్యలో పెట్టుకుంటాం. అది ఒక్కొక్క వివరం పేరుతో సహా అడిగి రాసుకుంటుంది. చివర్లో చీటీ అంతా ఒకసారి చూసి, సరిగ్గా ఉంటేనే ఆర్డరు తయారు చేసి చేతికిస్తుంది.

ఆర్డర్‌చీటీ(పార్టీ, 240)
.గ్రేడు(180)
.ఉప్పులేకుండా()
.డబ్బా(10)
.ఖాయం()

ఇందులో తప్పనిసరివి రెండూ మొదట్లోనే అడుగుతుంది. వాటిని వదిలేస్తే కంపైల్ కాదు. మిగిలినవి ఏ వరుసలోనైనా ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. డిఫాల్ట్ విలువలన్నీ చీటీ క్లాసులో ఒకే చోట, పక్కపక్కనే ఉంటాయి. మారిస్తే అక్కడే మార్చాలి, అందరికీ మారుతుంది. రేటు బోర్డు కొట్లోనే ఉంది. ప్రతి సంఖ్య ముందూ పేరు ఉంది కాబట్టి ఆరు నెలల తర్వాత చదివినా ఏది ఏమిటో తెలుస్తుంది.

బిల్డర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది చివరి మెట్టు, ఖాయం చేసేది. బద్దకు ఈ గ్రేడు సంఖ్యలు వర్తించవు. 12 కిలోల ఆర్డరును పది కిలోల డబ్బాల్లో పూర్తిగా సర్దలేం. ఇవి ఒక్కో పారామీటరును విడిగా చూస్తే దొరికే తప్పులు కావు, రెండింటిని కలిపి చూస్తేనే దొరుకుతాయి. భాషలో డిఫాల్ట్ విలువలు ఉన్నంత మాత్రాన ఈ తనిఖీ దానంతట అది రాదు. అన్ని వివరాలూ చేతికొచ్చాక, ఆబ్జెక్టు పుట్టకముందు, అందరూ దాటి తీరవలసిన ఒక్క గుమ్మం బిల్డర్ ఇస్తుంది. జావా సొంత లైబ్రరీలు కూడా ఈ దారికే వచ్చాయి. 2018లో జావా 11తో వచ్చిన, వెబ్‌కు అభ్యర్థనలు పంపే హెచ్‌టీటీపీ క్లయింట్‌లో అభ్యర్థన తయారు చేయాలంటే బిల్డర్‌తోనే మొదలుపెట్టాలి.

ఖర్చు లేకపోలేదు. ప్రతి గడికీ ఆర్డరులో ఒకసారి, చీటీలో ఒకసారి రాయాలి. ఆ శ్రమ తగ్గించడానికి లోంబాక్ అనే లైబ్రరీ వాడేవారు చాలామంది. గుర్తు ఒకటి పెడితే బిల్డర్ కోడంతా అదే తయారు చేస్తుంది. అందులో ఒక గుంట ఉంది, జాగ్రత్త. క్లాసులో గడి పక్కన మీరు రాసుకున్న తొలి విలువను లోంబాక్ బిల్డర్ పట్టించుకోదు. డబ్బా బరువు 10 అని రాసి, బిల్డర్‌లో ఇవ్వకపోతే 10 రాదు, సున్నా వస్తుంది. ఆ గడికి విడిగా డిఫాల్ట్ గుర్తు పెడితేనే 10 వస్తుంది.

ఒకటి రెండు ఐచ్ఛికాలకు బిల్డర్ కట్టడం ఇంట్లో తాగే టీకి డేగిసా ఎక్కించినట్టు. అక్కడ ఓవర్‌లోడ్ చాలు. నాలుగు దాటితే బిల్డర్ గురించి ఆలోచిస్తాను. ఎనిమిది దాటితే మాత్రం బిల్డర్ కంటే ముందు ఇది ఒకే వస్తువా అని అడుగుతాను. నా క్లాసులో డబ్బా, లారీ, కిరాయి, చిరునామా నాలుగూ నిజానికి రవాణా అనే వేరే వస్తువు వివరాలు. వాటిని విడదీసి ఒక రికార్డుగా చేశాక ఆర్డరు సగానికి తగ్గింది. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డులు ఇలాంటి చిన్న కట్టలకు చక్కగా సరిపోతాయి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. నా బిల్లులో పడిన లాంటి తప్పును ఆపేది బిల్డర్ కాదు. బిల్డర్‌లో కూడా .గ్రేడు అని రాసి పక్కన కిలోల విలువ ఇవ్వకుండా ఆపేది ఏదీ లేదు. అసలు మందు గ్రేడును పూర్ణాంకంగా ఉంచకపోవడం. 2004లో జావా 5తో వచ్చిన ఈనమ్ వాడి, గ్రేడు అనే సొంత రకం తయారు చేసి, అందులో నాలుగు విలువలు మాత్రమే పెట్టాను. ఇప్పుడు కిలోల చోట గ్రేడు పెట్టినా, గ్రేడు చోట కిలోలు పెట్టినా కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. కొట్లో గింజలను లెక్కించే మనిషి, బస్తా తూచే మనిషి ఒకరి పని ఒకరు చేయరు. రెంటినీ సంఖ్యే అనుకుని ఒకే రకంలో పెట్టింది నేనే.

ఎప్పటిలాగే

ఇంతా చేశాక ఒక రోజు కొత్త ప్రోగ్రామ్ ఎలా ఉందో చూడమని గుమస్తాగారి పక్కన కూర్చున్నాను. విజయనగరం నుంచి అదే ఫోను, పది కిలోలు. బిల్డర్ డిఫాల్ట్‌గా 240 గుండు వేసింది. ఆయన దాన్ని కొట్టేసి బద్ద అని ఎంచుకున్నారు. తర్వాత నరసన్నపేట నుంచి ఇంకొకరు, అయిదు కిలోలు. మళ్లీ 240 గుండు, మళ్లీ కొట్టేశారు. వాళ్లకు 320, ఉప్పుతో. నేను ఎంతో శ్రద్ధగా ఒకే చోట పెట్టిన డిఫాల్టులను ఆయన రోజంతా కొట్టేస్తూనే ఉన్నారు.

అప్పుడు గానీ నాకు మొదటి ప్రశ్నకు పూర్తి జవాబు దొరకలేదు. ఫోనులో చెప్పకుండా వదిలేసిన ఆ అయిదు విలువలు పిలిచేవారివీ కావు, ఆర్డరు క్లాసువీ కావు. ఆ పార్టీకీ ఈ కొట్టుకూ మధ్య ఏళ్లుగా కుదిరిన అలవాటువి. సీ షార్ప్‌లో డిఫాల్ట్ విలువ కంపైల్ సమయానికే తెలిసిన స్థిరాంకం అయి ఉండాలి కాబట్టి అక్కడ ఇది కుదరదు. కోట్లిన్‌లో డిఫాల్ట్ విలువ తనకంటే ముందున్న పారామీటరును చూసి లెక్కకట్టగలదు, పార్టీ అలవాటులోని గ్రేడు అని రాయవచ్చు. జావాలో ఆ పని బిల్డర్ చేస్తుంది. చీటీని ఖాళీగా మొదలుపెట్టకుండా పార్టీ దగ్గర మొదలుపెట్టాను:

పార్టీ.ఎప్పటిలాగే(10).ఖాయం()

పార్టీ అలవాట్లు డేటాబేసులో ఉంటాయి. ఎప్పటిలాగే అనే మెథడ్ వాటితో నిండిన చీటీని ఇస్తుంది. మార్చాలనుకున్నవి మార్చి ఖాయం చేస్తారు. కొత్త పార్టీకి అలవాటు ఉండదు కనుక ఆ చీటీలో రకం, రవాణా ఖాళీగానే ఉంటాయి, ఖాయం చేయబోతే అవి అడగమని ఆపేస్తుంది. రవాణాకు ఇప్పుడు మూడు విలువలు వేరువేరుగా ఉన్నాయి: ఎప్పటిలాగే, అక్కరలేదు, అడగాలి. పుస్తకంలోని గీత, సున్నా, ఖాళీ.

ఇంకొకటి గుమస్తాగారు అడిగి చేయించుకున్నారు. ఏ విలువ ఫోనులో చెప్పినదో, ఏది అలవాటు నుంచి వచ్చిందో చీటీకి తెలుసు. చెప్పినవాటికి సెట్టర్ పిలుపు వచ్చి ఉంటుంది, మిగిలినవాటికి రాదు. అచ్చయ్యే కాగితం మీద అలవాటు నుంచి వచ్చిన ప్రతి వరుస పక్కనా ఒక చుక్క పడేలా చేశాను. పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రం లారీ ఎక్కించే ముందు ఆయన చీటీలన్నీ దొంతరగా పట్టుకుని, చుక్క ఉన్న వరుసల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోతారు. అనుమానం వచ్చిన చీటీని పక్కన పెట్టి ఫోను అందుకుంటారు.